అనుభవదారు కాలమ్

పోయిన గురువారం మధ్యాహ్నం క్యారేజీ కడుక్కుని డెస్కు దగ్గరికి వచ్చేసరికి ఇండియా నంబరు నుంచి వాట్సాప్ ఫోను మోగుతోంది. ఎత్తితే ఒక కుర్రాడి గొంతు.

"సార్, మీరు దమ్మామ్ సారేనా? గోదావరి సారు?"

అవునన్నాను, మాది గోదావరి వైపు.

"నేను జగిత్యాల దిక్కు నుంచి మాట్లాడుతున్న సార్. మీ ఆఫీసుల చాయ్ ఇచ్చెటాయన లేడా, ఆయన కొడుకును. బాపు చనిపోయిండు సార్, మొన్న ఆదివారం. గుండె ఆగిపోయింది."

నేనేదో అన్నాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు. దినాలకు అందరికీ కబురు చేసే పని ఆ పిల్లాడి నెత్తిన పడిందట. ఏడ్చే తీరిక కూడా లేనట్టుంది, గబగబా చెప్పుకుపోతున్నాడు.

"బాపు పెట్టెల ఎర్రబట్టల మూటగట్టిన రిజిస్టర్ దొరికింది సార్. అండ్ల నలభై దాకా పేర్లున్నయ్. జూడి, సాల్, టామ్, హానా... ఫిలిప్పీన్సోళ్లా సార్? బాపుతోని క్యాంపుల ఉన్నోళ్లా? వాళ్లకు సుత కబురు చెయ్యాల్నేమో అని అడుగుతున్న. అట్ట మీద మీ పేరు, నంబరు రాసి ఉన్నయ్."

"సాయంత్రం నేనే చేస్తాను నాన్నా" అని పెట్టేశాను. సాయంత్రం చెయ్యలేదు. శుక్రవారం సెలవు, ఆ రోజూ చెయ్యలేదు. శనివారం ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మూడు రోజులు నా మీద నాకు పట్టరానంత కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు లేదు.

క్యాంపులో మనవాళ్లంతా ఆయన్ని 'పట్వారీ' అని పిలిచేవారు, మా వైపు కరణం అన్నట్టు. అలా పిలిస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. "నన్ను దొంగ అను, లంగ అను, పడ్త. పట్వారి అంటే మాత్రం పళ్లు రాల్తయ్ బిడ్డా" అనేవాడు. నిజానికి ఆయన పట్వారీ కాదు. వాళ్ల ఊళ్లో పట్వారీల రోజులు ముగిసే ముందు రెండేళ్లపాటు ఆ పట్వారీ దస్త్రాల మూట మోశాడు, కొలత గొలుసు ఒక కొస పట్టుకుని పొలాల్లో నడిచాడు. అంతే. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది సౌదీకి వచ్చి దమ్మామ్‌లో పదిహేడేళ్లు చాయ్ ఇచ్చినా మర్చిపోలేదు.

పొడుగ్గా, ఎండుపుల్లలా ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు, ఒక కొస నీలం, రెండో కొస ఎర్ర. రెండు కొసలూ చెక్కి పెట్టుకునేవాడు. నీలం రాయడానికి, ఎర్ర కొట్టేయడానికి. మా ఆఫీసు రికార్డు గదిలో కుర్చీలున్నా కింద కార్పెట్ మీదే కూర్చునేవాడు. కొత్త మనిషి ఎవరు ఎదురైనా, పేరు, ఊరు, ఇక్కడుండే పర్మిట్ ఇకామా ఎప్పటిదాకా ఉంది, ఇవేవీ అడిగేవాడు కాదు. ఒకటే ప్రశ్న: "మీకు భూమి ఉన్నదా? ఎవలు దున్నుతున్రు?"

అల్ హసా వైపు ఒకసారి ఆఫీసు వాళ్లమంతా పిక్నిక్‌కి వెళ్లాం. పెద్ద ఖర్జూరం తోట. అందరూ ఫొటోలు దిగుతుంటే ఈయన చెట్టు మొదట్లో పాదు తవ్వుతున్న బంగ్లాదేశ్ మనిషి దగ్గర గొంతుక్కూర్చుని తన వచ్చీరాని హిందీలో మాట్లాడుతున్నాడు. తిరిగి బస్సెక్కాక తోట యజమాని ఎవరని ఎవరో అడిగారు. "ఏమో, తెల్వది. నీళ్లు పెట్టేది మాత్రం నూరుల్" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నన్నూ అడిగాడు ఆ ప్రశ్న. ఊళ్లో మాకు ఎకరంన్నర ఉంది, కౌలుకిచ్చాం అన్నాను.

"ఎవలకు?"

"ఎవరో ఉన్నాడు బాబాయ్. మా అన్నయ్య చూసుకుంటాడు."

"పేరేంది?"

తెలియదన్నాను. ఆయన చాయ్ ట్రే కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఎన్నేండ్ల సంది దున్నుతున్నడు?"

"పదేళ్లు దాటి ఉంటుంది."

"పదేండ్ల సంది ఆయన పండిచ్చిన బువ్వ తింటున్రు, పేరు తెల్వదా సారూ?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. చాయ్ ఇచ్చేవాడు నాకు పాఠం చెప్పడమా అని. పైకి అనలేదు గానీ, ఆ రోజు చాయ్ సగం తాగి వదిలేశాను. ఆ కౌలుదారు పేరు మాత్రం అన్నయ్యకు ఫోన్ చేసి కనుక్కోలేదు. ఎందుకు కనుక్కోవాలి అనుకున్నాను. అంత పొగరు నాకు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో ఒక అమెరికన్ ఇంజినీరు ఉండేవాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. అతనికో పిచ్చి. ఇంగ్లీషు రాజు ఏలుబడి నాటికే వర్జీనియాలో తన పూర్వీకులకు పెద్ద పొగాకు భూములుండేవట. ఆ వంశం చరిత్రంతా పాత దస్తావేజుల్లోంచి, వీలునామాల్లోంచి తవ్వి తీసి ఒక పుస్తకం వేసి, చుట్టాలందరికీ పంచాలని అతని కోరిక. అక్కడి కోర్టుల నుంచి వందల కాగితాల స్కాన్ కాపీలు తెప్పించుకున్నాడు. పాత చేతిరాత, గొలుసుకట్టు అక్షరాలు. వాటిని చదివి పట్టికలుగా టైపు చేసే పని నాకు అంటగట్టాడు. నా ఏడాది రిపోర్టు రాసేది అతనే. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆఫీసు నాలుగున్నరకి అయిపోతుంది, క్యాంపు బస్సు ఆరింటికి. ఆ మధ్య గంటన్నర రికార్డు గదిలో నేను ఆ కాగితాలతో కుస్తీ పట్టేవాణ్ని. కప్పులు తీసుకుపోవడానికి వచ్చిన ఆయన ఒకరోజు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. నేను పైకి చదువుతున్నాను: 'తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి వాగు వెంట పైకి నూట ఇరవై పోల్సు, అక్కడ గాటు పెట్టిన పైన్ చెట్టు, అక్కడి నుంచి ఉత్తరానికి...'

"హద్దులా సారు?"

"అవును బాబాయ్. అమెరికా హద్దులు."

"చెట్టు హద్దు పెట్టిన్రా? చెట్టు చస్తే ఏం జేస్తరు?" అంటూ లోపలికి వచ్చి కూర్చున్నాడు. పోలు అంటే ఎంతని అడిగాడు. పదహారున్నర అడుగులన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని మొహమంతా వెలిగించుకున్నాడు. "మా గొలుసు ముప్పై మూడు ఫీట్లు. రెండు పోల్లయితే మా ఒక గొలుసు. గిది మా లెక్కనే!"

ఆ రోజు నుంచి నేను చదవడం, ఆయన ఒక రిజిస్టరులో రాయడం. ఏటా ఊరి భూముల లెక్కలు సరిచూసే జమాబందీలో కూడా ఇంతేనట, ఒకడు చదువుతాడు, ఒకడు రాస్తాడు. పెద్ద పెద్ద డ్రాయింగు కాగితాల వెనకవైపు స్కేలు పెట్టి ఆయన గీస్తుంటే ఎప్పుడో మాసిపోయిన పొలాలు కార్పెట్ మీద పరుచుకునేవి. అన్నిటికంటే పెద్ద భూమి ఒకటుంది. దాని హద్దులు గీసుకుంటూ పోతే చివరి గీత మొదటి చెట్టు దగ్గరికి రాదు. అమెరికన్ ఇంజినీరు ఏళ్ల తరబడి దానితో తల బాదుకున్నాడు. మా బాబాయ్ రెండు సాయంత్రాలు దాని చుట్టూ తిరిగి, మిగిలిన ఖాళీ మీద వేలు పెట్టాడు.

"నకలు రాసినోడు ఒక హద్దు మింగిండు సారు. వరుసగ రెండు హద్దులు ఎర్ర ఓక్ చెట్టు కాడ్నే మొదలైనయేమో. కన్ను ఒక లైను ఎగిరింది. పక్క భూమోని కాయితం ఉన్నదా? అండ్ల దొరుకుతది."

ఉంది. దొరికింది. సరిగ్గా ఆ ఖాళీకి సరిపడే గీతే. మర్నాడు అమెరికన్ ఇంజినీరు నన్ను కావలించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చాయ్ ట్రేతో నిలబడ్డ ఆయన్ని నేను చూపించాను, ఈయనే కనిపెట్టాడని చెప్పాను. అమెరికన్ బాబాయ్ భుజం తట్టి, చాలా చాలా థాంక్స్ మిత్రమా అని, రేపటి నుంచి తన కాఫీలో చక్కెర కాస్త తగ్గించమన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నాకు ఎక్కువ మండేది అందుకే. చెడ్డవాడైతే వాడి మీద తోసేసి హాయిగా ఉండేవాణ్ని.

హద్దులయ్యాక చనిపోయినవాళ్ల ఆస్తి జాబితాలు మొదలయ్యాయి. భూస్వామి చనిపోగానే నలుగురు పెద్దమనుషులు ఇల్లు తిరిగి ఉన్న సామానంతా రాసి కోర్టుకిచ్చేవారు. నేను అలవాటు ప్రకారం గడగడా చదువుకుపోతున్నాను: "ఒక రాగి గంగాళం. రెండు పాత దుప్పట్లు. ఒక రంపం. జూడి, ఆమె కూతురు సాల్. ఒక ఎర్ర ఆవు, దూడ..."

"ఆగుండ్రి సారు. జూడి అంటే ఏం సామాను?"

"సామాను కాదు బాబాయ్. మనిషి. బానిస."

పెన్సిలు ఆగిపోయింది. మెల్లగా అడిగాడు. "ఆవుకు ముందు రాసిన్రా, ఎన్క రాసిన్రా?"

"ముందు. దుప్పట్ల తర్వాత."

"గా పొగాకు నాటింది, తెంపింది వీళ్లేనా?"

"వీళ్లే."

ఆయన రిజిస్టరు తిరగేసి, పట్టికలోని భూమి, హద్దులు, యజమాని అనే మూడు కాలమ్‌ల పక్కన స్కేలు పెట్టి ఇంకో నిలువు గీత గీశాడు. పైన తెలుగులో రాశాడు: అనుభవదారు. వాళ్ల వైపు పహాణీల్లో, అంటే ఏటా రాసే భూముల రికార్డులో, ఆ కాలమ్ ఉండేది. పట్టాదారు ఎవరైనా కానీ, ఆ ఏడు నేలమీద నిజంగా సాగు చేసిందెవరో వాళ్ల పేరు అందులో రాసేవారు. "గీ కాలమ్ లేంది పహాణీ కాదు సారు. మీ దొరకు తెల్వక ఇడిచిపెట్టిండు. మనం నింపుదాం" అన్నాడు. నిజంగానే అతనికి తెలియక వదిలేశాడనే అనుకున్నాడు. అమెరికా వాళ్లకు రికార్డు రాయడం సరిగా రాలేదని జాలి కూడా పడ్డాడు.

మళ్లీ మొదటి కాగితం నుంచి చదివించాడు. ఏ భూమి, ఏ యజమాని కాలంలో ఎవరెవరు. రెండు నెలలు పట్టింది. కొందరికి పేరు కూడా లేదు, 'ఒక ముసలి మనిషి' అని ఉంది. అక్కడ ఆయన 'పేరు రాయలేదు' అని నీలం పెన్సిలుతో రాసేవాడు. ఒకసారి నేను విసుక్కుని, ఇదంతా ఎవరికి బాబాయ్ అన్నాను. అప్పుడు చెప్పాడు తన సంగతి.

వాళ్ల నాయన ఒక దొర భూమి బతికినన్నాళ్లూ కౌలుకు దున్నాడు. ఏటేటా పహాణీలో అనుభవదారు కాలమ్‌లో ఆయన పేరు పడేది. ఒక ఏడు పట్వారీ దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాడు. కొట్టేసిన చోట సంతకం ఉంది కాబట్టి, కొట్టేసినా కింద పేరు కనబడుతోంది కాబట్టి, తహశీల్ ఆఫీసు చుట్టూ తిరిగి మళ్లీ రాయించుకున్నారు. తర్వాత చాలా ఏళ్లకు కొత్త కంప్యూటర్ రికార్డు వచ్చింది. అందులో ఆ కాలమ్ అసలు లేనే లేదట.

"పేరు కొట్టేసినప్పుడు కొట్లాడినం సారు. కొట్టేసినోడు ఎవడో తెలుసు. కాలమ్ మొత్తం తీసేస్తే ఎవని మీద కొట్లాడాలె? దొర పిల్లలు వచ్చి భూమి అమ్ముకపొయిన్రు. మా నాయిన దున్నిండని చెప్పెతందుకు ఒక్క కాయితం లేదు నా తాన." అంతా చెబుతున్నప్పుడు ఆయన గొంతు పెరగలేదు. చెవి మీది పెన్సిలు తీసి, మొన బాగానే ఉన్నా మళ్లీ చెక్కడం మొదలుపెట్టాడు.

నేను అంతా ఇంగ్లీషులో టైపు చేశాను. నాలుగో కాలమ్‌తో సహా. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ అది కావాలనిపించింది. జూడి కూతురు సాల్ ఒక జాబితాలో పిల్ల, ఇంకో జాబితాలో ఇద్దరు బిడ్డల తల్లి, మూడో దాంట్లో ముసలిది. ఆ యజమానుల్లో ఒక్కడు కూడా ఆ నేల మీద అన్నేళ్లు లేడు.

అమెరికన్ ఇంజినీరు పట్టిక చూసి చాలా మెచ్చుకున్నాడు. నాలుగో కాలమ్ దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది కుటుంబం పుస్తకం కదా, వీళ్లు కుటుంబం కాదు కదా అన్నాడు. పెళ్లిళ్లకీ పండుగలకీ చదువుకునే పుస్తకమట. చదివేవాళ్ల మనసు కష్టపడుతుందట. అసలు కాగితాలు కోర్టులో ఎలాగూ ఉన్నాయి, కావలసినవాళ్లు వెళ్లి చూసుకుంటారట. ఎంతో మర్యాదగా, నెమ్మదిగా చెప్పాడు. ఆ నెల నా కాంట్రాక్టు రెన్యూవల్ కాగితం అతని టేబుల్ మీద ఉంది. దాని గురించి అతనొక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

నా సీటుకి వచ్చి ఆ కాలమ్ మొత్తం సెలెక్టు చేసి డిలీట్ నొక్కాను. ఒక్క నొక్కు. రెండు నెలల పని. మిగిలిన మూడు కాలమ్‌లూ జరిగి ఆ ఖాళీ నింపేశాయి, అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా మిగల్లేదు. వెనక ట్రేతో ఆయన నిలబడి ఉన్నాడని నాకు తెలీదు.

"తీసేసిన్రా సారు?"

"ఆయన వద్దన్నాడు బాబాయ్. ఆయన పుస్తకం, ఆయనిష్టం."

"సరే. కొట్టేసిన కాడ సంతకం పెట్టుండ్రి."

"సంతకమేంటి? కంప్యూటర్లో సంతకం ఎక్కడ పెడతారు?"

"కొట్టేసినోని సంతకం ఉండాలె సారు. పేరు కింద కనవడాలె, పక్కపొంటి సంతకం ఉండాలె. ఎవలు తీసేసిన్రో రేపు వచ్చెటోనికి ఎట్ల తెలుస్తది? మా దొంగ పట్వారి సుత పెడ్తుండె."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. తగిలింది కాబట్టే లేచాను. పక్క సీట్లలో మలయాళీలు, పాకిస్తానీలు చూస్తున్నారు. "నీ పని చాయ్ ఇవ్వడం. అది చూసుకో" అన్నాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన్ని, బాబాయ్ అని నేనే నోరారా పిలిచిన మనిషిని, అంత మాట అన్నాను.

ఆయన కప్పు నా టేబుల్ మీద పెట్టాడు. చుక్క ఒలకలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు రోజూ రెండుపూటలా పాలు లేని సులేమానీ చాయ్ ఇచ్చాడు, నిమ్మకాయ నాకెంత కావాలో అంతే పిండి. రికార్డు గదిలోకి మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు. మా భూమి ఎవరు దున్నుతున్నారని మళ్లీ అడగలేదు. ఉద్యోగం ముగించుకుని ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయే రోజు అందరితో చేతులు కలిపాడు. నాతోనూ కలిపాడు. నా ఫోను నంబరు అడిగి, నేను చెబుతుంటే చెవి మీది నీలం పెన్సిలుతో ఎక్కించుకున్నాడు. క్షమించాడేమో అనుకున్నాను. సిగ్గులేని మనిషికి అలాంటి ఊహలు సులువుగా వస్తాయి.

పుస్తకం అచ్చయి కొరియర్‌లో వచ్చింది. గట్టి అట్ట, బంగారు అక్షరాలు. ఆయన గీసిన పటం రెండు పేజీల నిండా పరిచారు, గీత గీతా ఆయనదే. ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు స్పెల్లింగు తప్పు పోకుండా పడింది. పటం గీసినవాడి పేరు ఎక్కడా లేదు. పుస్తకాన్ని సొరుగులో అడుక్కి తోసి పైన ఫైళ్లు పెట్టాను. నా కాంట్రాక్టు రెన్యూ అయింది, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను.

నిన్న ఆదివారం, ఇక తప్పించుకోలేక ఆ పిల్లాడికి ఫోన్ చేశాను.

"కబురు చెయ్యాల్నా సార్ వాళ్లకు? ఎవలు సార్ వాళ్లు?"

"వ్యవసాయం చేసినవాళ్లు నాన్నా. వాళ్లు పోయి చాలా కాలమైంది. ఒకసారి పేర్లు చదువు, నేను రాసుకుంటాను."

వాడు మూట విప్పిన చప్పుడు వినిపించింది. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివాడు. జూడి. సాల్, జూడి బిడ్డ. టామ్. హానా. పేరు రాయలేదు. పేరు రాయలేదు. నేను తెల్లకాగితం మీద రాసుకుంటూ పోయాను. ఒకడు చదవడం, ఒకడు రాయడం.

"అన్ని పేర్ల మీద ఎర్రగీత ఉంది సార్. గని పేరు కనవడ్తనే ఉంది."

"సరే. ఇంకేమన్నా ఉందా?"

"ఆఖర్ల ఉంది సార్. 'కొట్టేసినవారు' అని రాసి, దాని పక్కపొంటి మీ పేరు రాసిండు. కింద 'సంతకం' అని ఉంది. ఆడ ఖాళీగ ఉంది సార్. బాపు పెట్టుడు మర్చిపోయిండేమో. ఇప్పుడు నేను పెట్టాల్నా?"

"వద్దు నాన్నా" అన్నాను. "అది నా సంతకం. మూట అలాగే కట్టి ఉంచు. దినాలకు వస్తున్నాను."